లాస్ వేగస్ నుంచి ఎర్రరాతి గండ్లకు: ఆరు రోజుల కారు ప్రయాణం, గంటల లెక్కతో

కడప జిల్లాలో పెన్న కొండను కోసుకుపోయిన చోటుని గండి అంటారు. గండికోట పేరులో ఉన్నది ఆ మాటే. కాన్యన్‌కి తెలుగులో అంతకన్నా సరైన మాట దొరకదు. లోయ అంటే కొండల మధ్య పల్లం. గండి అంటే నీళ్లు కోసిన కోత. అమెరికా నైరుతి ఎడారిలో ఈ కోతలు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. వాటన్నిటికీ అందుబాటులో ఉన్న పెద్ద విమానాశ్రయం లాస్ వేగస్.

ఈ మార్గదర్శి ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనో అత్తమామలనో, చిన్న పిల్లలనో వెంటబెట్టుకుని వెళ్లే తెలుగు కుటుంబాల కోసం. దారి ఇది: వేగస్, జయన్, బ్రైస్ కాన్యన్, పేజ్ (యాంటిలోప్ కాన్యన్, హార్స్‌షూ బెండ్), మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), మళ్లీ వేగస్. ఊరి నుంచి ఊరికి సుమారు 980 మైళ్లు. పార్కుల లోపలి తిరుగుడు కలిపితే 1,100 పైనే. ఆరు పగళ్లు, ఐదు రాత్రులు కావాలి. ఐదు రోజులే సెలవు ఉంటే మాన్యుమెంట్ వ్యాలీ వదిలేసి పేజ్ నుంచి నేరుగా గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లండి. అన్నీ నాలుగు రోజుల్లో కుక్కితే చూసింది తక్కువ, కార్లో కూర్చున్నది ఎక్కువ అవుతుంది. పెద్దవాళ్లకు అది శిక్షే.

ఈ ప్రయాణాన్ని చెడగొట్టేది దూరం కాదు, గంటలు. ఏ గంటకు ఎక్కడ ఉండాలి, వెలుగు ఎటు నుంచి పడుతుంది, పార్కింగ్ ఎప్పుడు నిండుతుంది, ఆ ఊరి గడియారం ఏది అన్న నాలుగు సంగతులు తేల్చుకుంటే మిగతావి వాటంతట అవే కుదురుతాయి.

ముందు బుకింగులు, ఈ వరసలోనే

మొదట చూడాల్సింది యాంటిలోప్ కాన్యన్ టూర్ ఖాళీలు. విమానం టికెట్లు ఆ తర్వాత. ఆ గండి నవాహో జాతివారి నేలలో ఉంది, గైడ్ లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు. టూర్లు గంటల వారీగా అమ్ముడుపోతాయి. వేసవికి, మెమోరియల్ డే, లేబర్ డే, థ్యాంక్స్‌గివింగ్ వారాంతాలకు రెండు మూడు నెలల ముందే తీసుకోవాలి. మీకు దొరికిన రోజు, గంట చుట్టూ మిగతా ఐదు రోజులను అమర్చండి. చాలామంది తిరగేసి చేస్తారు: విమానం, హోటళ్లు అన్నీ అయ్యాక చివర్లో యాంటిలోప్ వెతికితే సాయంత్రం నాలుగింటి టూర్ ఒక్కటే మిగిలి ఉంటుంది. దానికోసం ఒక రోజంతా పాడవుతుంది.

రెండోది గ్రాండ్ కాన్యన్ రాత్రి బస. పార్కు లోపలి లాడ్జిలకు 13 నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. అవి దొరక్కపోతే దక్షిణ గేటు బయట ఉన్న టుసాయన్‌లో చూడండి. మూడోది మాన్యుమెంట్ వ్యాలీ. అక్కడ హోటళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దొరక్కపోతే 25 మైళ్ల దూరంలోని కయెంటా. స్ప్రింగ్‌డేల్ (జయన్ గేటు పక్క ఊరు), బ్రైస్, పేజ్ బసలు వీటి తర్వాత చూసుకోవచ్చు. రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి.

ఐదారుగురు ఉంటే మినీవ్యాన్ తీసుకోండి. పెద్ద ఎస్‌యూవీ మూడో వరసలోకి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కలేరు. మినీవ్యాన్‌లో పక్కతలుపు జరుగుతుంది, అడుగు ఎత్తు తక్కువ, ఆరు పెట్టెలు పడతాయి. ఈ దారి మొత్తం తారు రోడ్డే, మాన్యుమెంట్ వ్యాలీ లోపలి లూప్ తప్ప. కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం లేదు, మంచుకాలంలో మాత్రం అది మేలు. అద్దె కాగితంలో మూడు చూడండి: మైళ్లకు పరిమితి ఉందా, రెండో డ్రైవర్ పేరు చేర్చారా, మట్టి రోడ్డు మీద బీమా చెల్లుతుందా. మూడోదానికి జవాబు దాదాపు ఎప్పుడూ 'చెల్లదు' అనే ఉంటుంది.

పాసులు, ఫీజులు

జయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ మూడూ నేషనల్ పార్కులు. ఒక్కోదానికి కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. మూడిటికీ 105 అవుతుంది కాబట్టి 80 డాలర్ల వార్షిక పాసే లాభం.

ఇండియా నుంచి వచ్చినవాళ్లు వెంట ఉంటే ఒక మార్పు తప్పక తెలుసుకోవాలి. 2026 జనవరి 1 నుంచి 80 డాలర్ల పాసు అమెరికాలో నివసించేవారికే. ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు చూపాలి. నివాసులు కానివారికి వార్షిక పాసు 250 డాలర్లు. పాసు లేకుండా వెళ్తే రద్దీ ఎక్కువగా ఉండే 11 పార్కుల్లో 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి మామూలు ఫీజుపైన 100 డాలర్లు అదనం. మన దారిలోని మూడు పార్కులూ ఆ పదకొండులో ఉన్నాయి. కొడుకో కూతురో తీసుకున్న పాసు పక్కన కూర్చున్న అమ్మానాన్నలకు ఎలా వర్తిస్తుందో పార్కుల అధికారిక ఫీజుల పేజీలో చదివి, కొనేముందే లెక్క వేసుకోండి. గేటు దగ్గర వెనక కార్లు హారన్ కొడుతుంటే వేసే లెక్క కాదిది. కార్డుతోనే చెల్లించాల్సి రావచ్చు, నోట్ల మీద ఆధారపడకండి.

ఈ పాసు చెల్లని చోట్లు: యాంటిలోప్ కాన్యన్, హార్స్‌షూ బెండ్ పార్కింగ్ (పేజ్ ఊరి మునిసిపాలిటీది, కారుకు 10 డాలర్లు), మాన్యుమెంట్ వ్యాలీ (నవాహో పార్కు, మనిషికి 8 డాలర్లు), హూవర్ డ్యామ్ పార్కింగ్.

వేగస్‌లో 'గ్రాండ్ కాన్యన్' పేరుతో అమ్మేవి రెండు వేరువేరు చోట్లు. ఇది తెలియక మోసపోయామనుకునేవాళ్లు చాలామంది. గాజు వంతెన ఉన్న గ్రాండ్ కాన్యన్ వెస్ట్ హువాలపాయ్ జాతివారిది. అది నేషనల్ పార్కు కాదు, పాసు చెల్లదు. వేగస్ నుంచి రెండు గంటలన్నర లోపే చేరవచ్చు, ఒక్కరోజే ఉన్నవాళ్లకు పనికొస్తుంది. బొమ్మల్లో చూసే ఆ అంతులేని రంగుల లోతు మాత్రం సౌత్ రిమ్‌లో కనిపిస్తుంది. అది 280 మైళ్లు, నాలుగున్నర గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగిరావడం ఒక్క డ్రైవర్‌తో చేయదగ్గ పని కాదు.

మూడు గడియారాలు

ఇక్కడే టూర్లు తప్పిపోతాయి, కాస్త నిదానంగా చదవండి. నెవాడా పసిఫిక్ టైమ్‌లో ఉంటుంది. యూటా మౌంటెన్ టైమ్, వేసవిలో గంట ముందుకు జరుపుతారు. అరిజోనా కూడా మౌంటెన్ టైమే కానీ వేసవిలో గంట జరపదు. అరిజోనా లోపలే ఉన్న నవాహో నేల మాత్రం జరుపుతుంది.

అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వేగస్, పేజ్, గ్రాండ్ కాన్యన్ ఒకే టైమ్. జయన్, బ్రైస్, మాన్యుమెంట్ వ్యాలీ ఒక గంట ముందు. చలికాలంలో వేగస్ ఒక్కటే గంట వెనక, మిగతావన్నీ ఒకటే.

యాంటిలోప్ కాన్యన్ నవాహో నేలలో ఉన్నా టూర్లు పేజ్ ఊరి టైమ్ ప్రకారమే నడుస్తాయి. పేజ్ యూటా సరిహద్దు పక్కనే ఉంది. ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారినప్పుడల్లా గంట ముందుకీ వెనక్కీ దూకుతుంది. పేజ్ చేరగానే ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి 'ఫీనిక్స్' ఎంచుకోండి. ఒక చేతి గడియారం ఫీనిక్స్ టైమ్‌కి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఏ నెలలో

ఏప్రిల్ చివరి నుంచి మే చివరి దాకా, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా అన్నిటికన్నా మేలు. జూలైలో వేగస్‌లో పగటి వేడి 105 ఫారన్‌హీట్ (40 సెల్సియస్) దగ్గర మామూలు. అదేరోజు బ్రైస్‌లో 80 దాటకపోవచ్చు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడి వానకాలం. మధ్యాహ్నం మబ్బు పట్టి కుండపోతగా కురుస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ మొదటివారం దాకా బ్రైస్‌లోనూ గ్రాండ్ కాన్యన్‌లోనూ మంచు పడుతుంది. ఎర్రరాయి మీద తెల్లమంచు చూడ్డానికి ఎంతో బాగుంటుంది కానీ బాట మీద అది గట్టి ఐస్ అయి జారుతుంది. బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు కొనుక్కోండి.

సామాను

నీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దగ్గర దగ్గర నాలుగు లీటర్లు. ఎడారి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, చర్మం మీదే ఆరిపోతుంది. అందుకే దాహం వేసేలోపే ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. వట్టి నీళ్లే తాగుతూ ఉప్పు తీసుకోకపోతే అదో ప్రమాదం, తలతిరగడం, వాంతులు వస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఉప్పు వేసిన మజ్జిగ, జంతికలు ఇక్కడ నిజంగా మందులే. బీపీకి నీళ్లమాత్ర వేసుకునే పెద్దవాళ్లు బయల్దేరేముందు డాక్టర్‌ని అడగడం మంచిది.

తిండి విషయం. స్ప్రింగ్‌డేల్ దాటాక శాకాహారులకు పిజ్జా, బంగాళాదుంప ముక్కలు తప్ప పెద్దగా దొరకవు. మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు చపాతీలు, తర్వాతకి పొడులు, పచ్చళ్లు, వేయించిన అటుకులు, చిన్న రైస్ కుక్కర్. గదిలో కుక్కర్ పెట్టుకోవచ్చో లేదో హోటల్‌ని ముందే అడగండి. ఇక్కడ ఎత్తు ఒక చిత్రం చేస్తుంది. బ్రైస్ అంచు 8,000 అడుగుల పైన ఉంది. అక్కడ నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్‌కి కాదు, సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. అన్నం పలుకు పలుకుగా మిగులుతుంది. గ్లాసు బియ్యానికి అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి, స్విచ్ పడ్డాక ఇరవై నిమిషాలు మూత తీయకుండా ఉంచండి. పప్పు అక్కడ ఉడికించే ప్రయత్నమే చేయొద్దు. వేగస్‌లో బిగించిన పెరుగు డబ్బాలు, పచ్చడి సీసాలు, చిప్స్ పొట్లాలు కొండెక్కేసరికి ఉబ్బుతాయి. మూతలు ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించకపోతే నూనె పెట్టెలోకి కారుతుంది.

ఇదే కారణంతో కాకపోయినా టైర్ల హెచ్చరిక దీపం కూడా బ్రైస్‌లోనే వెలుగుతుంది. వేడి 10 ఫారన్‌హీట్ తగ్గితే టైరు గాలి దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. వేగస్‌లో 90 డిగ్రీల మధ్యాహ్నం సరిగ్గా నింపిన టైరు బ్రైస్‌లో 30 డిగ్రీల తెల్లవారుజామున ఐదారు పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. నాలుగు టైర్లూ ఒకేలా తగ్గితే పంక్చర్ కాదు. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన కాగితంలోని అంకెకు చల్లటి టైర్లప్పుడే గాలి పట్టించండి. ఒక్క టైరే తగ్గితే మాత్రం వెంటనే ఆగి చూడాలి.

గ్యాస్ ట్యాంకు సగానికి వచ్చిందంటే నింపాల్సిందే. జయన్ లోపల బంకు లేదు. మొత్తం దారికి మినీవ్యాన్ సుమారు 40 నుంచి 45 గ్యాలన్లు తాగుతుంది.

సిగ్నల్ లేని దారి చాలా ఉంది. వేగస్‌లో ఉండగానే మొత్తం ప్రాంతం మ్యాపులు ఫోన్‌లోకి దించుకోండి. బ్రైస్ నుంచి పేజ్‌కి వెళ్లేటప్పుడు మ్యాపు కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్ అని ఒక అడ్డదారి చూపించవచ్చు. దూరం తక్కువే కానీ అది మట్టిదారి. వాన పడితే బంకమన్నై చక్రాలను పట్టేస్తుంది, అక్కడికి టోయింగ్ బండి రావడానికి వందల డాలర్లు ఖర్చవుతుంది. కనాబ్ మీదుగా వెళ్లే యూఎస్-89నే పట్టుకోండి.

మొదటి రోజు: వేగస్ నుంచి జయన్, 160 మైళ్లు

ఉదయం ఆరింటికి బయల్దేరండి. ఐ-15 మీద ఉత్తరానికి వెళ్తే మెస్కీట్ దాటాక అరిజోనా మూల కొద్దిసేపు తగులుతుంది. వర్జిన్ నది గండిలో రోడ్డు మెలికలు తిరుగుతూ పోయే ఆ భాగం ఈ దారికి మొదటి బహుమతి. సెయింట్ జార్జ్ దాటి 16వ ఎగ్జిట్ దగ్గర యూటా-9 పట్టుకుంటే స్ప్రింగ్‌డేల్ వస్తుంది. రెండున్నర, మూడు గంటల దారి. వేసవిలో అయినా, చలికాలంలో అయినా యూటా గంట ముందు ఉంటుంది కాబట్టి మీరు దిగేసరికి అక్కడ పది కావస్తుంటుంది.

ఆ వేళకు పార్కు లోపల పార్కింగ్ నిండిపోయి ఉంటుంది. దానికోసం చుట్టూ తిరగకండి. ఆ రాత్రి స్ప్రింగ్‌డేల్‌లోనే గది తీసుకుని, గది ఇవ్వకపోయినా కారు అక్కడ పెట్టుకోనివ్వమని అడగండి. ఊరి ఉచిత బస్సులో పార్కు గేటు దాకా వెళ్లి, లోపల పార్కు ఉచిత బస్సు ఎక్కవచ్చు. మార్చి నుంచి నవంబరు దాకా ప్రధాన గండి రోడ్డు మీదికి సొంత కార్లను వదలరు. బస్సుకి టికెట్ అక్కర్లేదు. చివరి బస్సు ఎన్నింటికో ఎక్కేటప్పుడే చూసుకోండి, తప్పితే మైళ్లకొద్దీ నడవాలి.

పెద్దవాళ్లతో చివరి స్టాపు దాకా వెళ్లి రివర్‌సైడ్ వాక్ నడవండి. రానూపోనూ 2.2 మైళ్లు, సిమెంటు బాట, పక్కనే నది, నీడ ఉంటుంది. దాని చివర నదిలోనే నడిచే నారోస్ మొదలవుతుంది. అడుగున గుండ్రటి జారుడు రాళ్లు ఉంటాయి, ఊతకర్ర లేనిదే దిగొద్దు. నది ప్రవాహం సెకనుకు 150 ఘనపు అడుగులు దాటితే నారోస్ మూసేస్తారు, వసంతంలో మంచు కరిగేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది. ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ కొమ్ము ఎక్కడానికి 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పర్మిట్ కావాలి. గొలుసు పట్టుకుని కత్తి అంచులాంటి రాతి మీద నడవాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు దాని ఆలోచన మానుకోవడమే మంచిది.

రెండో రోజు: సొరంగం దాటి బ్రైస్, 85 మైళ్లు

పొద్దున మొదటి బస్సుల్లోనే వెళ్లి ఎమరాల్డ్ పూల్స్ కింది బాట చూసి, పదకొండుకల్లా కారు తీయండి. తూర్పు దారిలో మెలికల రోడ్డు ఎక్కాక 1930లో పూర్తయిన 1.1 మైళ్ల సొరంగం వస్తుంది. కొండ లోపల తొలిచిన కిటికీల్లోంచి వెలుగు పడుతుంది, అక్కడ ఆగకూడదు. పెద్ద ఆర్‌వీ తీసుకున్నవాళ్లు ఈ దారిలో వెళ్లనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. సొరంగం దాటాక తెల్లటి, ఎర్రటి ఇసుకరాయి గళ్లు గళ్లుగా చీలి కనిపిస్తుంది. అది సుమారు 18 కోట్ల ఏళ్లనాటి ఇసుక దిబ్బల గట్టి రూపం.

మౌంట్ కార్మెల్ జంక్షన్ దగ్గర యూఎస్-89 ఉత్తరానికి, తర్వాత యూటా-12. సాయంత్రం నాలుగింటికి బ్రైస్ చేరితే చాలు. చీకటి పడ్డాక మాత్రం ఈ రోడ్డు మీద నడపొద్దు. జింకలు మందలుగా అడ్డం వస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉందనే అనుకోవాలి.

మూడో రోజు: బ్రైస్ తెల్లవారుజాము, తర్వాత పేజ్, 150 మైళ్లు

బ్రైస్‌లో గిన్నెలా తొలిచినట్టున్న పల్లం తూర్పు ముఖంగా ఉంది. అందుకే ఇక్కడ సూర్యోదయమే అసలు వేళ. సూర్యుడు రావడానికి అరగంట ముందు బ్రైస్ పాయింట్‌లోనో ఇన్‌స్పిరేషన్ పాయింట్‌లోనో ఉండండి. రాతి స్తంభాలు, వాటిని హూడూలంటారు, లోపల దీపం పెట్టినట్టు నారింజరంగులో వెలుగుతాయి. పగలు కరిగిన నీరు పగుళ్లలోకి దిగి రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. ఏడాదిలో ఇంచుమించు సగం రాత్రులు ఇలా జరగడం వల్లే ఆ స్తంభాలు.

కాళ్లు బాగున్నవాళ్లు క్వీన్స్ గార్డెన్ వైపు దిగి నవాహో లూప్ వైపు ఎక్కండి. సుమారు 3 మైళ్లు, 600 అడుగుల ఎక్కుడు, రెండు మూడు గంటలు. దిగడం తేలిక, ఎక్కేటప్పుడే ఎత్తు తెలుస్తుంది. ఆయాసం ఎక్కువైతే ఆగి, మాట్లాడగలిగేంత ఊపిరి వచ్చాకే కదలాలి. కాళ్లనొప్పులున్నవాళ్లకు సన్‌రైజ్ పాయింట్, సన్‌సెట్ పాయింట్ మధ్య అరమైలు చదును బాట ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. వాళ్లు పైనుంచి చూసింది కిందికి దిగినవాళ్లు చూసినదానికి ఏమాత్రం తక్కువ కాదు.

పేజ్‌కి మధ్యాహ్నం చేరి, వేడి తగ్గాక హార్స్‌షూ బెండ్. పార్కింగ్ నుంచి రానూపోనూ 1.5 మైళ్లు, నీడ దాదాపు లేదు. కొలరాడో నది 1,000 అడుగుల కింద గుర్రపు నాడాలా తిరుగుతుంది. కొంతమేరకే కమ్మీలు ఉన్నాయి, మిగతా అంచు బాహాటం. పిల్లల చెయ్యి వదలొద్దు. అంచు రాయి ఇసుకరాయి, కాలి కింద పెచ్చులుగా ఊడుతుంది. సాయంత్రం ఆకాశం రంగులు బాగుంటాయి కానీ సూర్యుడు ఎదురుగా ఉండి ఫొటోలు నల్లబడతాయి. నది పచ్చరంగు పూర్తిగా కనబడాలంటే మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక వెళ్లాలి, అంతకుముందు గండిలో నీడ ఉంటుంది.

నాలుగో రోజు: యాంటిలోప్, ఆపైన మాన్యుమెంట్ వ్యాలీ, 125 మైళ్లు

అప్పర్, లోయర్ అని రెండు. ఏది ఎంచుకోవాలన్నది మీ వెంట ఎవరున్నారన్నదాన్ని బట్టి. అప్పర్‌లో నేల చదును, ట్రక్కులో ఇసుక దారిన తీసుకెళ్తారు. చిన్న పిల్లలకు కార్ సీట్ అడుగుతారు. బయటికి వచ్చే దారిలో మెట్లు ఉంటాయి, మోకాళ్ల సంగతి టూర్ వాళ్లకు ముందే చెప్పండి. పైనుంచి స్తంభంలా వెలుగు దిగే దృశ్యం అప్పర్‌దే. మార్చి మధ్య నుంచి అక్టోబరు మొదటివారం దాకా, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య టూర్లలో కనబడుతుంది. ఆ గంటలకు ధర ఎక్కువ. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లు, ఇరుకు సందులు. నడవగలిగినవాళ్లకు రాతి వంపులు అక్కడే ఎక్కువ అందం. ధర కూడా తక్కువ. రెండిటిలోకీ బ్యాగులు, సెల్ఫీ స్టిక్కులు రానివ్వరు. అరగంట ముందే చేరాలి.

1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో వరద వచ్చి 11 మంది సందర్శకులు చనిపోయారు. గండి మీద పెద్ద వాన లేదు. మైళ్ల దూరంలో ఎగువన కురిసిన నీరు ఇరుకు సందులోకి గోడలా వచ్చింది. అందుకే తలమీద ఎండ ఉన్నా టూర్ రద్దు చేస్తారు. గైడ్‌తో వాదించకండి, మర్నాటికి మార్చుకోండి. ఎక్కడైనా ఇరుకు గండిలోకి దిగేముందు వాతావరణ శాఖ ఆ రోజుకి ఇచ్చిన ఆకస్మిక వరద అంచనా చూడాలి. 'ప్రాబబుల్' లేదా 'ఎక్స్‌పెక్టెడ్' అని ఉంటే దిగకూడదు.

ఒంటిగంటకు పేజ్ వదిలి అరిజోనా-98, యూఎస్-160 మీదుగా కయెంటా, అక్కడి నుంచి యూఎస్-163. వేసవిలో ఇక్కడ గంట ముందుకు జరుగుతుందని మరవొద్దు. రోడ్డు మీదికి ఆవులు, గుర్రాలు వస్తుంటాయి, కంచెలు లేవు. నవాహో నేలలో మద్యం నిషేధం. డ్రోన్లు ఎగరేయకూడదు. అక్కడివాళ్లను, వాళ్ల ఇళ్లను అడగకుండా ఫొటో తీయకూడదు, అది వాళ్ల ఊరు.

సూర్యాస్తమయానికి విజిటర్ సెంటర్ వరండాలో ఉంటే చాలు. ఎదురుగా తూర్పున చేతితొడుగుల్లా కనిపించే రెండు రాతి కొండలు (మిటెన్లు), పక్కన మెరిక్ బ్యూట్ అనే కొండ. పడమటి ఎండ నేరుగా వాటి మీద పడి అవి నిప్పులా ఎర్రబడతాయి. తెల్లవారితే వాటి వెనక నుంచే సూర్యుడు వస్తాడు.

ఐదో రోజు: మట్టి లూప్, గ్రాండ్ కాన్యన్, 180 మైళ్లు

లోపలి 17 మైళ్ల లూప్ గుంతల మట్టిదారి. అద్దె కారు బీమా ఇక్కడ చెల్లదని ముందే అనుకున్నాం కదా. స్థానిక గైడ్ల పెద్ద బండిలో వెళ్లండి. నడుం నొప్పి ఉన్నవాళ్లు వరండాలోనే ఉండిపోవచ్చు.

తర్వాత ట్యూబా సిటీ, కామెరన్ మీదుగా అరిజోనా-64 పట్టుకుని గ్రాండ్ కాన్యన్ తూర్పు గేటు. అందరూ దక్షిణ గేటు దగ్గర గంట నిలబడే రోజుల్లో కూడా ఇక్కడ వరస చిన్నది. గేటు దాటగానే డెజర్ట్ వ్యూ. మేరీ కోల్టర్ రూపకల్పన చేసి 1932లో కట్టిన 70 అడుగుల రాతి బురుజు అక్కడ ఉంది. గండి ఒక మైలు లోతు, నది వెంట 277 మైళ్ల పొడవు, వెడల్పైన చోట 18 మైళ్లు. అడుగున కనిపించే నల్లరాయి సుమారు 170 కోట్ల ఏళ్లనాటిది. బ్రైస్ రాళ్లు అన్నిటికన్నా కొత్తవి, జయన్ వాటి కిందివి, ఇవి వాటికీ కిందివి. మూడు రోజులుగా మీరు ఒకే మెట్లదారిని పైనుంచి కిందికి దిగుతున్నారన్నమాట. ఈ మాట పిల్లలకు డెజర్ట్ వ్యూ దగ్గరే చెప్పండి, అక్కడ పొరలు వేలితో చూపించవచ్చు.

అక్కడి నుంచి పార్కు లోపలి గ్రాండ్ కాన్యన్ విలేజ్‌కి 25 మైళ్లు, దారంతా ఆగే చోట్లే. సూర్యాస్తమయానికి హోపీ పాయింట్. అది ఉన్న హెర్మిట్ రోడ్‌లో మార్చి నుంచి నవంబరు దాకా బస్సులే నడుస్తాయి, తిరుగు బస్సుకి పెద్ద వరస ఉంటుంది. చలిబట్టలు వేసుకోండి, ఇది 7,000 అడుగుల ఎత్తు. వరసలో నిలబడలేని పెద్దవాళ్లకు మేదర్ పాయింట్, యవపాయ్ పాయింట్ మధ్య చదును బాట మేలు.

కిందికి దిగాలని ఉంటే సౌత్ కైబాబ్ బాటలో ఊ-ఆ పాయింట్ దాకా 0.9 మైలు, సీడర్ రిడ్జ్ దాకా 1.5 మైళ్లు. ఆ బాటలో నీళ్లు దొరకవు. దిగడానికి పట్టినదానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పెట్టుకోండి. కొండెక్కడంలో అలిసిపోతే వెనక్కి దిగొచ్చు. గండిలో అలిసిపోతే ఇంకా ఎక్కాలి, పైగా కింద వేడి ఎక్కువ. ఒకేరోజులో నది దాకా వెళ్లిరావాలనుకోవద్దు.

ఆరో రోజు: వేగస్‌కి, 280 మైళ్లు

మేదర్ పాయింట్‌లో సూర్యోదయం చూసి, తొమ్మిదికి బయల్దేరండి. విలియమ్స్ దగ్గర ఐ-40, కింగ్‌మన్ నుంచి యూఎస్-93. నెవాడా సరిహద్దులో హూవర్ డ్యామ్, 726 అడుగుల ఎత్తు. భద్రతా తనిఖీ ఉంటుంది. గంటన్నర పెట్టుకోండి. టైమ్ లేకపోతే 2010లో తెరిచిన కొత్త వంతెన మీది నడకదారి ఎక్కి పైనుంచి డ్యామ్ చూసి వచ్చేయొచ్చు. కారులోంచి మాత్రం ఏమీ కనబడదు, గోడ అడ్డం.

విమానం ఎప్పుడన్నదానికి చివరి లెక్క. చలికాలమైతే నది దాటగానే గంట కలిసొస్తుంది. వేసవిలో కలిసిరాదు. కారు తిరిగిచ్చే కేంద్రం విమానాశ్రయానికి దూరంగా ఉంది, అక్కడి నుంచి బస్సులో టెర్మినల్‌కి వెళ్లాలి. గ్యాస్ నింపడం, పెట్టెలు దింపడం, ఆ బస్సు, అన్నీ కలిపి గంట పడుతుంది. వేసవిలో సాయంత్రం ఆరు దాటాక ఉన్న విమానమే తీసుకోండి.